పాత ఫోర్ బై ఫోర్ బండిలో డిక్కీ లీకులు ఆపి, సామాన్ల డెక్ సొంతంగా కట్టుకోవడం: మొదటి నుంచి చివరి దాకా

చాలామంది అడిగేది ఒకటే, వెనక సీట్లు తీసేసి ప్లైవుడ్ డెక్ (కింద సామాన్లు పెట్టుకుని పైన పడుకునే బల్ల లాంటి పెట్టె) కట్టుకోవాలి, కొలతలు చెప్పండి అని. చెప్తాను, కానీ దానికి ముందు మీ బండి డిక్కీలో మ్యాట్ మొత్తం ఎత్తి కింద రేకు మీద చెయ్యి పెట్టి చూడండి. సఫారీ, స్కార్పియో, బొలెరో, జిప్సీ ఏదైనా సరే, పది పదిహేనేళ్ళు దాటిన బండిలో వెనక ఎక్కడో ఒకచోట చెమ్మ తగులుతుంది, రబ్బరుకీ సీలెంటుకీ (సందులు మూసే జిగురు) వయసు అయిపోతుంది కదా. ఆ చెమ్మ మీద డెక్ కట్టేస్తే రెండు వానాకాలాల్లో కింద రేకు తినేస్తుంది, మీకు కనపడదు కూడా.

అందుకే ఇందులో సగానికి పైగా లీకుల గురించే ఉంటుంది. డెక్ కట్టడం రెండు రోజుల పని, లీకు పట్టుకోవడం ఒక్కోసారి వారం పడుతుంది. ఇంకోటి మొదట్నుంచీ గుర్తుపెట్టుకోండి, మీరు బిగించే ప్రతీదీ ఒక్క పానాతో అరగంటలో విప్పి బయట పెట్టగలిగేలా ఉండాలి, ఎందుకంటే ఏటా కనీసం ఒకసారి కింద రేకు చూసుకోవాల్సిందే.

1. ముందు ఆర్సీ తీసి చూసుకోండి

మోటారు వాహనాల చట్టం 1988 లో 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. సీట్లు శాశ్వతంగా పీకేసి, ఆ బ్రాకెట్లు కోసేసి, వెల్డింగ్ చేసి పెట్టె కట్టడం ఆ కిందికే వస్తుంది. మా దారి వేరే, సీటు పాయింట్లు కొయ్యకుండా, బండికి వెల్డింగ్ లేకుండా, సామాను తీసుకెళ్ళినట్టు ఒక పెట్టె తీసుకెళ్తున్నాం, ఊరెళ్ళొచ్చాక పెట్టె దింపి సీట్లు మళ్ళీ బిగించేస్తాం. ప్రైవేటు బండికి పదిహేనేళ్ళకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి, అక్కడికి బండి ఎప్పుడు తీసుకెళ్ళినా కంపెనీ ఇచ్చిన సీట్లు, బెల్టులు అన్నీ ఉండాలి. తీసిన సీట్లు, బోల్టులు పాత సామానోడికి వెయ్యకండి, కవర్లో చుట్టి అటక మీద పెట్టండి. డౌటు ఉంటే ఆర్టీఓ ఆఫీసులోనూ ఇన్సూరెన్సు వాళ్ళనీ ముందే అడిగేయండి.

ఇక బరువు. ఆర్సీలో ఖాళీ బండి బరువు, నిండు బండి బరువు రెండూ ఉంటాయి. తేడా 600 కేజీలు వచ్చిందనుకోండి, అందులో మనిషికి 70 చొప్పున ఐదుగురు ఎక్కితే 350 పోయింది, మిగిలింది 250. నీళ్ళ క్యాన్లు, బ్యాగులు, వంట సామాను, పైన క్యారియరు అన్నీ ఆ 250 లోనే సర్దుకోవాలి. 8 బై 4 అడుగుల 12 ఎంఎం ప్లైవుడ్ షీటు ఒక్కటే సుమారు 22 కేజీలు తూగుతుంది, 18 ఎంఎం అయితే 33 దాకా ఉంటుంది. పనివాళ్ళు దిట్టంగా ఉంటుందని 18 ఎంఎం వేస్తామంటారు, ఒప్పుకోకండి. ఇంట్లో మంచానికీ బండికీ లెక్క వేరు.

2. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏం తెచ్చుకోవాలి

ఫిబ్రవరి, మార్చి మంచి టైము. వానలు పడుతుంటే రేకు ఆరదు, మే నెలలో విజయవాడ లాంటి చోట మిట్టమధ్యాహ్నం బండి టాపు మీద చెయ్యి ఆనదు, సీలెంటు రాసిన కాసేపటికే పైన పొర కట్టేసి సాగదియ్యడానికి లొంగదు. ఎండాకాలమే తప్పదంటే పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికి ఆపేయండి. విశాఖ, కాకినాడ వైపు వాళ్ళకి ఇంకో మాట, సముద్రం గాలికి గీకిన రేకు తెల్లారేసరికే ఎర్రబడుతుంది, అందుకని గీకిన రోజే ప్రైమరు పడాలి.

రబ్బరు బీడింగులు (తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీలు), గ్రొమెట్లు (వైర్లు దూరే రంధ్రాలకి తొడిగే రబ్బరు రింగులు) హైదరాబాద్ అయితే రాణిగంజ్‌లో, విజయవాడ అయితే ఆటోనగర్‌లో దొరుకుతాయి, పాత ముక్క ఒక జానెడు కోసి చేత్తో పట్టుకెళ్ళండి, ఫోటో చూపిస్తే సరైనది రాదు.

లీకు పనికి:
- పియు (పాలీయురేథేన్) సీలెంటు ట్యూబులు రెండు మూడు (సికాఫ్లెక్స్ 221 లాంటిది), దాని గన్
- బ్యుటైల్ టేపు (మెత్తగా అంటుకునే రబ్బరు టేపు) ఒక చుట్ట
- తుప్పు కన్వర్టర్, ఎపాక్సీ ప్రైమరు, బండి రంగు చిన్న డబ్బా
- వైరు బ్రష్షు, 80, 180, 320 నంబర్ల ఎమరీ పేపరు
- మాస్కింగ్ టేపు, థిన్నరు, పాత బనియన్ గుడ్డలు
- ప్లాస్టిక్ ట్రిమ్ పీకే పట్టీలు, లేకపోతే స్క్రూడ్రైవరు మొనకి టేపు చుట్టుకోండి
- టార్చిలైటు, సుద్దముక్క, పాత న్యూస్‌పేపర్లు, తోటకి నీళ్ళు పట్టే పైపు
- గ్లవ్స్, మాస్కు, కళ్ళద్దాలు

డెక్ పనికి:
- 12 ఎంఎం ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్నది (నీళ్ళకి తట్టుకునే మెరైన్ రకం). ఐఎస్ 303 ముద్రతో వచ్చే ఎంఆర్ గ్రేడు (తేమకి కొంతవరకే ఆగేది) ఇంట్లో అల్మరాలకి పర్లేదు గానీ ఇక్కడ వద్దు
- 25 బై 25 ఎంఎం ఇనుప చదరం ట్యూబు, 1.6 ఎంఎం మందం
- ఎం8 (8 ఎంఎం) బోల్టులు, నైలాక్ నట్లు (అదురుకి వదులవ్వనివి), వెడల్పు వాషర్లు
- 10 ఎంఎం మందం రబ్బరు ప్యాడ్లు
- కబ్జాలు, గడియలు, డి రింగులు

సిలికాన్ ట్యూబు ఈ లిస్టులో లేదు, మర్చిపోయి కాదు. బాత్రూముకి వాడే వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌లో ఆమ్లం ఉంటుంది, గీకిన రేకుని అదే తినేస్తుంది, పైగా అది తగిలిన చోట మళ్ళీ రంగు గానీ వేరే సీలెంటు గానీ పట్టదు. నేను మొదటి ఏడాది గట్టర్ (టాపు అంచున నీళ్ళు పారే కాలవ) మొత్తం దాంతోనే పూశాను, తర్వాతి ఏడాది దాన్ని గీకడానికి రెండు ఆదివారాలు పట్టింది, గీకాక కింద చిన్న చిన్న తుప్పు చుక్కలు కనపడ్డాయి.

3. డిక్కీ మొత్తం ఊడదియ్యడం

బ్యాటరీ నెగటివ్ తీసేసి మొదలుపెట్టండి. తర్వాత వరస ఇది: వెనక సీట్లు, సీటు బెల్టు కింది బోల్టులు, గడప మీద ప్లాస్టిక్ పట్టీ, పక్క ప్యానెళ్ళు, మ్యాట్, మ్యాట్ కింద దూది ఫెల్టు. ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి, బోల్టులు ఒక్కో కవర్లో వేసి ఎక్కడివో రాసి పెట్టుకోండి.

ఫెల్టు దగ్గర మాత్రం మొహమాటపడకండి. పైన మ్యాట్ పొడిగా అనిపిస్తుంది, కింద ఫెల్టు పిండితే నీళ్ళు కారతాయి, అది నాలుగు రోజులైనా ఆరదు. ముక్క వాసన వస్తుంటే పారేసి కొత్తది వేసుకోండి, ఉతికి వాడదాం అనుకుంటే ఆ వాసన మళ్ళీ ఆషాఢంలో లేస్తుంది.

రేకు కనపడ్డాక వెంటనే తుడవకండి. ముందు నీటి మరకలు చూడండి, బురద చారలు ఎటు నుంచి ఎటు పారాయో సుద్దముక్కతో బాణం గుర్తు పెట్టండి. మట్టి రోడ్లల్లో తిరిగే బండి అయితే ఇంకా సులువు, బీడింగు చుట్టూ, టెయిల్ లైటు వెనక ఎర్రదుమ్ము సన్నని గీతలా పేరుకుని ఉంటుంది. దుమ్ము లోపలికొచ్చిన దారిలోనే నీళ్ళూ వస్తాయి, అరకు, మారేడుమిల్లి వెళ్ళొచ్చిన బండిలో ఆ గీతలు చూస్తే సగం లీకులు పైపు పట్టకుండానే తెలిసిపోతాయి.

4. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పట్టుకోవడం

4.1 ముందు అవి వాన నీళ్ళేనా

ముందు సీటు కాళ్ళ దగ్గర తడి ఉండి, ఏసీ వేసినప్పుడే వస్తుంటే అది ఏసీ డ్రైన్ పైపు మూసుకుపోయి వచ్చే నీరు. వెనక ఏసీ ఉన్న బండికి దాని పైపు కూడా చూడండి. తడి జిగటగా ఉండి కొంచెం తియ్యటి వాసన వస్తూ, అద్దం లోపల జిడ్డుగా మసకబారుతుంటే హీటరు నుంచి కూలెంటు (ఇంజనుని చల్లబరిచే ద్రవం) కారుతోంది, అది మెకానిక్ పని. ఈ రెండూ కాదనుకున్నాకే పైపు పట్టండి.

4.2 పైపు పెట్టే పద్ధతి

ఇద్దరు కావాలి. ఒకరు డిక్కీలో టార్చి పట్టుకుని పడుకోవాలి, తలుపులన్నీ మూసేయాలి, ఇంకొకరు బయట పైపుతో ఉండాలి. ప్రెషర్ వాషరు వద్దే వద్దు, అది బాగున్న రబ్బరు కింద నుంచి కూడా నీళ్ళు దూరుస్తుంది. మామూలు పైపు, వేలు అడ్డం పెట్టకుండా మెల్లగా పారే నీళ్ళు చాలు.

కింద నుంచి పైకి రావాలి, ఇది చాలామంది తిరగేస్తారు. టాపు మీద మొదలుపెడితే నీళ్ళు అన్నిటి మీదా పారిపోతాయి, లోపల చుక్క పడ్డా ఎక్కడిదో తెలీదు. వరస:

1. తలుపు కింది అంచు, గడప
2. టెయిల్ లైట్లు, ఒక్కోటి విడిగా
3. పక్క అద్దాల కింది అంచు, తర్వాత పై అంచు
4. వెనక తలుపు అద్దం, వైపరు, స్టెప్నీ బ్రాకెట్టు
5. తలుపు పై అంచు, కబ్జాలు
6. గట్టర్
7. క్యారియరు బోల్టులు, యాంటెన్నా

ఒక్కోచోట కనీసం ఐదు నిమిషాలు, గట్టర్ దగ్గర పది. తొందరపడితే లాభం లేదు, కొన్ని లీకులు నీళ్ళు నిండాకే పొర్లుతాయి.

4.3 చుక్క పడ్డ చోటు నమ్మకండి

నా బండిలో ఎడమ చక్రం గూడు ముందు ఎప్పుడూ గ్లాసుడు నీళ్ళు నిలిచేవి, పైన పక్క అద్దం ఉంది కాబట్టి అదే అనుకుని దాని రబ్బరు మార్పించాను, తగ్గలేదు. ఒక సాయంత్రం మా బావ బయట పైపు పట్టుకున్నాడు, నేను లోపల పడుకున్నాను. అద్దం మీద పది నిమిషాలు పోశాడు, ఏమీ లేదు. టెయిల్ లైటు మీదకి రాగానే లైటు వెనకున్న వైర్ల కట్ట తళుక్కుమంది. నల్ల టేపు చుట్టిన ఆ కట్ట మీద ఒక్కో బొట్టు మెల్లగా ముందుకి జారుతూ, క్లిప్పు దగ్గర కాసేపు ఆగి, లావై, రెండడుగుల అవతల వైరు కిందికి వంగిన చోట టప్పున పడింది. "బావా ఆపు, ఆపు, దొరికింది" అని అరిచాను. లైటు చుట్టూ ఉండే గ్యాస్కెట్ (రబ్బరు పట్టీ) నలిగిపోయి ఉంది, అంతే. అద్దానికి పెట్టిన డబ్బులు అనవసరంగా పోయాయి.

కాబట్టి లోపల పడుకున్నవాళ్ళు చుక్క పడ్డ చోటు నుంచి వెనక్కి, పైకి వేలితో తడుముకుంటూ వెళ్ళాలి. అనుమానం ఉన్న రేకు మీద ముఖానికి రాసే పౌడరు పల్చగా చల్లండి, నీళ్ళు పారిన దారి గీతలా కనపడుతుంది.

4.4 నీళ్ళు లేకుండా రెండు పరీక్షలు

రాత్రి చీకట్లో బండి లోపల గట్టి లైటు పెట్టి బయట నుంచి చుట్టూ తిరిగి చూడండి, వెలుగు చీలిక కనపడితే అక్కడ సందుంది. ఇంకోటి కాగితం పరీక్ష, తలుపు మూసేటప్పుడు బీడింగు మీద కాగితం పట్టీ పెట్టి లాగండి, బిగుతుగా రావాలి, జర్రున జారి వచ్చేస్తే అక్కడ ఒత్తిడి లేదు. చుట్టూ జానెడు జానెడుకీ చూసి సుద్దతో గుర్తు పెట్టండి.

5. ఒక్కో లీకు, దాని రిపేరు

5.1 వెనక తలుపు బీడింగు, జారిపోయిన తలుపు

బీడింగు మార్చేటప్పుడు అతుకు కింది భాగంలో మధ్యన రావాలి, పైన గానీ మూలల్లో గానీ పెట్టకూడదు. మూలల్లో సాగదీసి ఎక్కించకండి, అక్కడ కొంచెం వదులుగా తోసి నొక్కాలి, సాగిన రబ్బరు నెలలో వెనక్కి లాక్కుంటుంది. ఎక్కించే ముందు రేకు అంచు నిటారుగా ఉందో లేదో చూడండి, వంగి ఉంటే కటింగ్ ప్లయరుతో మెల్లగా సరిచెయ్యండి.

స్టెప్నీ తలుపు మీదే మోసే బండ్లలో ఇంకో సమస్య, ఏళ్ళ తరబడి ఆ బరువుకి తలుపు కబ్జాల దగ్గర జారుతుంది. కొత్త బీడింగు వేసినా పైమూలలో కాగితం జారిపోతుంటే తప్పు బీడింగుది కాదు. తలుపు సగం తెరిచి చివర పట్టుకుని పైకెత్తండి, ఊగితే కబ్జా పిన్నులో బుష్షులో అరిగాయి, ముందు అవి మార్చాలి. ఆ తర్వాతే స్ట్రైకర్ (తలుపు తాళం పట్టుకునే కొక్కెం) వదులు చేసి ఒకటి రెండు ఎంఎం లోపలికి జరిపి బిగించండి.

ఈ బీడింగు నీళ్ళ కోసం ఒక్కటే కాదు. హైవే మీద అద్దాలు దించి వెళ్ళేటప్పుడు బండి వెనక గాలి సుడి తిరిగి పొగగొట్టం పొగని ఆ సందులోంచి లోపలికి లాగుతుంది. వెనక పడుకునే వాళ్ళుంటే ఇది ప్రాణం మీదకొచ్చే విషయం, పొగ వాసన వస్తుంటే మిగతా పనులు పక్కన పెట్టి ఇది ముందు చెయ్యండి. అలాగే ఇంజను ఆన్‌లో పెట్టుకుని లోపల ఎవరూ నిద్రపోకూడదు.

5.2 తలుపు లోపల నిలిచే నీళ్ళు

తలుపుని ఊపితే లోపల గలగలమంటుందా? తలుపు కింది అంచులో చిన్న డ్రైన్ రంధ్రాలుంటాయి, బురద పట్టి మూసుకుపోతాయి. సన్నని తీగతో పొడవండి, నీళ్ళు పడిపోతాయి. వీటిని పొరపాటున కూడా సీలెంటుతో మూయకండి. వైపరు కుదురు దగ్గర రబ్బరు రింగు, వాషరు పైపు జాయింటు కూడా అప్పుడే చూసేయండి.

5.3 టెయిల్ లైట్లు, వైర్ల గ్రొమెట్లు

లైటు విప్పి పాత గ్యాస్కెట్ మొత్తం పీకి, రేకు థిన్నరుతో తుడిచి, చుట్టూ ఒకటే ముక్కగా బ్యుటైల్ టేపు పెట్టి బిగించండి. స్క్రూలు ఒక్కోటి కొంచెం కొంచెం తిప్పుతూ సమంగా బిగించాలి, ఒక పక్కనే లాగితే ప్లాస్టిక్ పగులుతుంది. వైరు లోపలికి వచ్చేముందు కిందికి ఒక వంపు తిరిగేలా క్లిప్పు పెట్టండి, నీళ్ళు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

5.4 గట్టర్ సీమ్

పాత బండ్లలో అసలు దొంగ చాలాసార్లు ఇదే. టాపు రేకు, పక్క రేకు కలిసే కాలవలో కంపెనీ వేసిన సీలెంటు ఎండి వెంట్రుకంత పగులు ఇస్తుంది. పైన రంగు బాగానే ఉంటుంది, గోరుతో నొక్కితే చితుకుతుంది.

- చితికే భాగం మొత్తం పాత ఉలితో మెల్లగా గీకండి, గట్టిగా పట్టి ఉన్నది వదిలేయండి
- తుప్పు ఉంటే ఆరో అంశంలో చెప్పినట్టు చేసి ప్రైమరు ఆరనివ్వండి
- రెండు వైపులా మాస్కింగ్ టేపు వేయండి
- పియు సీలెంటు గీత ఆపకుండా లాగండి, గ్లవ్ వేసుకున్న వేలితో ఒక్కసారి నొక్కుతూ పోండి
- పొర కట్టకముందే టేపు పీకేయండి
- రెండు రోజులు నీళ్ళు తగలనివ్వకండి, ఇది రోజుకి మూడు ఎంఎం లెక్కన లోపలికి గట్టిపడుతుంది
- తర్వాత పైన రంగు వేయండి

కాలవ నిండా పోసేయకండి, నీళ్ళు పారడానికే ఆ కాలవ పెట్టారు.

5.5 పక్క అద్దాలు

రబ్బరు గ్యాస్కెట్‌తో నిలబడ్డ అద్దమైతే, రబ్బరు ఇంకా మెత్తగా ఉంటే దాని పెదవి ఎత్తి లోపల గట్టిపడని బ్యుటైల్ జిగురు ఎక్కిస్తే చాలు. రబ్బరు రాయిలా అయిపోతే మార్చాలి. అద్దానికి కొత్త రబ్బరు తొడిగి, గాడిలో నైలాన్ దారం చుట్టూ పెట్టి, సబ్బునీళ్ళు రాసి బయట నుంచి ఒకరు నొక్కుతుంటే లోపల నుంచి ఒకరు దారం లాగాలి. జిగురుతో అతికించిన అద్దాలు, ముందు అద్దం మాత్రం అద్దాల షాపులోనే చేయించండి.

5.6 క్యారియరు బోల్టులు, నేల బిరడాలు

క్యారియరు బోల్టులు తీసి, రంధ్రం అంచుకి ప్రైమరు పూసి, కింద బ్యుటైల్ ఉండ పెట్టి బిగించండి. నేల మీద రబ్బరు బిరడాలు వాగు దాటినప్పుడు నీళ్ళు లాగుతాయి, ఎండినవి మార్చి చుట్టూ పియు పూయండి. వెనక బంపరు లోపల మూలల్లో గాలి బయటికిపోయే రబ్బరు రెక్కలుంటే అవి ఊడాయేమో చూడండి, వాటిని డెక్‌తో గానీ సీలెంటుతో గానీ మూసేయకూడదు, లోపల తేమ పోయేది అక్కణ్ణుంచే.

6. తుప్పు

స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడండి. దిగకపోతే పైపై తుప్పు, వైరు బ్రష్షు, 80 పేపరు, కన్వర్టర్, డబ్బా మీద రాసినంత సేపు ఆగి ఎపాక్సీ ప్రైమరు, రంగు, ఇదే వరస. మొన దిగిపోతే ఆ ముక్క కోసి కొత్త రేకు వెయ్యాలి, టింకరింగ్ షాపుకి తీసుకెళ్ళండి. పుట్టీ, ఫైబరు, ఎంసీల్ పెట్టి రంగేసేస్తామంటే వద్దనండి, ముఖ్యంగా సీటు పాయింట్లు, బెల్టు బోల్టులు ఉన్న చోట. వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ తీశారో లేదో, కింద డీజిల్ ట్యాంకు, పైపులు ఎంత దూరంలో ఉన్నాయో మీరే స్వయంగా చూడండి.

7. మళ్ళీ పరీక్ష, ఇక్కడ ఓపిక పట్టండి

సీలెంటు పూర్తిగా ఆరాక నేలంతా న్యూస్‌పేపర్లు పరిచి, మళ్ళీ అదే వరసలో పైపు పట్టండి. పేపరు మీద చుక్క పడితే మరక ఎండిన తర్వాత కూడా కనపడుతుంది, అందుకే గుడ్డ కన్నా పేపరు మేలు. తర్వాత పేపర్లు అలాగే ఉంచి ఒక నిజమైన వాన చూడండి, లేదా కనీసం వారం రోజులు తిరిగాక ఇంకోసారి పైపు పట్టండి, గతుకుల్లో బాడీ మెలితిరిగినప్పుడు తెరుచుకునే సందులు నిలబెట్టిన బండిలో దొరకవు. పేపరు పొడిగా వచ్చేదాకా ప్లైవుడ్ కొనకండి.

సౌండు తగ్గించే బ్యుటైల్ షీట్లు వేద్దామనుకుంటే ఇప్పుడే. రేకు మొత్తం కప్పక్కర్లేదు, ప్రతి ప్యానెల్ మధ్యలో పావు వంతు వేసి రోలరుతో నొక్కితే చాలు. సీమ్‌లు, బిరడాలు, బోల్టులు వదిలేయండి.

8. డెక్ కొలతలు తీసుకోవడం

రెడీమేడ్ కొలతలు నేను ఇవ్వను, ఒకే మోడల్లో కూడా పాత బండ్లు అంగుళం తేడా వస్తాయి. అట్టపెట్టెలు కోసి డిక్కీలో పరిచి ఆకారం తీయండి, చక్రాల గూళ్ళు, బెల్టు బిగింపులు అన్నీ అట్ట మీదే కత్తిరించుకోండి. అట్ట సరిపోతే ప్లైవుడ్ సరిపోతుంది.

కొయ్యకముందు ఇవన్నీ చూసుకోండి:
- మధ్య సీటు మడిచినప్పుడు దాని వీపు ఎత్తుకి డెక్ పైభాగం సమంగా ఉందా
- డెక్ మీద కూర్చుంటే తల టాపుకి తగులుతోందా
- పడుకోవడానికి మీ ఎత్తు కన్నా నాలుగంగుళాలు ఎక్కువ పొడవు వస్తుందా
- జాకీ, టూల్ కిట్, టెయిల్ లైటు బల్బులు డెక్ విప్పకుండా అందుతాయా
- స్టెప్నీ బండి కింద ఉంటే దాన్ని దించే రాడ్డు రంధ్రం మూసుకుపోతోందా
- వెనక తలుపు లోపలి నుంచి తెరవగలరా

సొరుగులు బాగా కనపడతాయి, కానీ చానెళ్ళతో కలిపి బరువు, ఖర్చు రెండూ పెరుగుతాయి, గతుకుల్లో గడగడమంటాయి. నా అభిప్రాయం, ఒక్క సొరుగు వంట సామాన్లకి చాలు, మిగతాదంతా పైనుంచి మూత ఎత్తే అరలు చేసుకోండి. సొరుగుకి 45 కేజీలు మోసే టెలిస్కోపిక్ చానెల్ వేసి, దానికి విడిగా గడియ పెట్టండి, బ్రేకుకీ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడూ దానంతట అది తెరుచుకోకూడదు.

9. కట్టడం, బిగించడం

1. ఇనుప ఫ్రేము బయటే వెల్డింగ్ చేయించి, ప్రైమరు, రంగు వేయించండి. ఫ్రేము రెండు ముక్కలుగా ఉంటే ఇద్దరు మనుషులు దించగలరు.
2. ప్లైవుడ్ కోశాక అంచులకి రెండు మూడు కోట్లు పియు క్లియర్ గానీ ఎనామెల్ గానీ పట్టించండి. నీళ్ళు తాగేది అంచులే, పైభాగం కాదు. బోల్టు రంధ్రాల లోపల కూడా ఇయర్‌బడ్‌తో పూయండి.
3. ఫ్రేము కాళ్ళ కింద 10 ఎంఎం రబ్బరు ప్యాడ్లు. రేకుకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది, ఎప్పుడైనా నీళ్ళు వచ్చినా నిలవవు.
4. ఫ్రేముని సీటు బోల్టుల పాత రంధ్రాలకే బిగించండి. కంపెనీ బోల్టు షాపుకి పట్టుకెళ్ళి అదే మరతో, అదే గ్రేడుతో పొడవైనది తెచ్చుకోండి. కనీసం నాలుగు పాయింట్లు.
5. కొత్త రంధ్రం తప్పదంటే బండి కింద దూరి పైన డ్రిల్ పెట్టే చోటు చూసి రండి, ట్యాంకు, బ్రేకు పైపు, వైర్లు ఏవీ ఉండకూడదు. అంచుకి ప్రైమరు, బోల్టుకి సీలెంటు, కింద 40 బై 40 ఎంఎం ఇనుప పలక పెట్టండి.
6. ప్లైవుడ్‌ని ఫ్రేముకి ఎం8 బోల్టులతో బిగించండి. ఫెవికాల్, మేకులు వద్దు, ఎప్పుడైనా విప్పాలి కదా.
7. పైన మ్యాట్ అతికించకుండా వెల్క్రోతో వేయండి.

బిగించని పెట్టె ఎంత బరువున్నా అక్కడే ఉంటుంది అనుకుంటారు కొందరు. గట్టి బ్రేకు కొడితే నలభై కేజీల పెట్టె, అందులో సామాను అంతా ముందు సీట్ల వీపు మీదకొస్తుంది. నీళ్ళ క్యాన్లు, టూల్స్ లాంటి బరువులు కింద, మధ్య సీటుకి ఆనుకుని పెట్టండి. తేలికైన దుప్పట్లు, బట్టలు వెనక తలుపు వైపు పెట్టుకోవచ్చు.

10. లైటు, సాకెట్టు

బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగితే ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి, డెక్ దగ్గర పెడితే మధ్యలో వైరు రాసుకుపోయినప్పుడు కాపాడేది ఏదీ ఉండదు. ఎల్ఈడీ లైటు, ఫోన్ చార్జింగుకి 2.5 చదరపు ఎంఎం వైరు, 10 యాంపుల ఫ్యూజు సరిపోతాయి. రేకు దాటే ప్రతిచోటా గ్రొమెట్ వేయండి. ఫ్రిజ్జు పెట్టాలంటే మాత్రం ఆటో ఎలక్ట్రీషియన్‌తో లెక్క వేయించుకోండి. గ్యాస్ పొయ్యి డిక్కీలో వెలిగించకండి, సొరుగు బయటికి లాగినా సరే, దింపి నేల మీద పెట్టుకోండి.

11. తర్వాత వచ్చే సమస్యలు

- డెక్ కిర్రుమంటోంది: బోల్టు వదులు కన్నా ప్లైవుడ్ ఇనుముకి రాసుకోవడం ఎక్కువ, మధ్యలో పల్చటి ఫెల్టు పట్టీ పెట్టండి.
- మూత వానాకాలంలో బిగుసుకుంటోంది: అంచు తేమ తాగింది, ఎండలో ఆరబెట్టి రెండు ఎంఎం గీకి మళ్ళీ కోటింగ్ వేయండి. ఈసారి చుట్టూ మూడు ఎంఎం సందు ఉంచండి.
- సీలెంటు పట్టీలా ఊడొచ్చింది: కింద దుమ్మో, పాత సిలికానో, టైరు పాలిషో ఉంది. మొత్తం పీకి థిన్నరుతో రెండుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడిచి మళ్ళీ వేయండి.
- లీకు ఆగింది, వాసన పోలేదు: సీటు బెల్టు రీలు కింద, చక్రం గూడు వెనక గూట్లో పాత బురద ఉంటుంది, వేళ్ళు పెట్టి తియ్యండి.
- పొద్దున్నే అద్దాలు చెమర్చి ఉన్నాయి, నేల పొడిగా ఉంది: లోపల పడుకున్న వాళ్ళ ఊపిరి. లంబసింగి లాంటి చలి చోట రెండు అద్దాలు వేలెడు దించి పడుకోండి.

12. ఏటా చూసుకోవాల్సినవి

జూన్ మొదటి వాన పడిన మర్నాడు, కోస్తా వాళ్ళయితే అక్టోబరు తుఫాన్ల ముందు ఇంకోసారి:

- డెక్ విప్పి నేల మీద న్యూస్‌పేపరు వేసి ఒక రాత్రి ఉంచండి
- తలుపు డ్రైన్ రంధ్రాలు తీగతో పొడవండి
- గట్టర్లో ఆకులు తీసి సీమ్‌ని గోరుతో నొక్కి చూడండి
- బీడింగు సబ్బునీళ్ళతో తుడిచి సిలికాన్ స్ప్రే పల్చగా కొట్టండి, గ్రీజు, డీజిలు రాయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. సీలెంటు వెయ్యాల్సిన పని ఏమైనా మిగిలుంటే స్ప్రే దాని తర్వాతే
- ఫ్రేము బోల్టులు నాలుగూ పానాతో ఒకసారి తట్టి బిగించండి

డెక్ తిరిగి ఎక్కించే ముందు ఖాళీ నేల ఫోటో ఒకటి, తేదీతో తీసి పెట్టుకోండి. వచ్చే ఏడాది తుప్పు మరక కనపడితే అది పాతదా కొత్తదా అని ఆ ఫోటో పక్కన పెట్టి చూసుకోవచ్చు.